నవంబరు మూడో వారంలో జపాన్: ఏవి ఉంచాలి, ఏవి తీసేయాలి?

మంజీర

నమస్కారం అండీ. నవంబరు 16న టోక్యోలో దిగి 25న తిరుగు ప్రయాణం అనుకుంటున్నాం. మొత్తం నలుగురం. అమ్మానాన్నలకు అరవై ఐదు దాటాయి. అమ్మ నెమ్మదిగా నాలుగైదు కిలోమీటర్లు నడుస్తుంది గానీ మోకాళ్ళ వల్ల మెట్లంటే కష్టం. నాన్న చేప, మాంసం ముట్టరు. షాపింగు, థీమ్ పార్కులు అక్కర్లేదు. పాత గుళ్ళు, కోటలు, కొండలు, ఎర్రబారిన ఆకులు చూస్తే చాలు.

రాసుకున్న జాబితా: టోక్యో, నిక్కో, ఫుజి, కమికోచి, షిరకవగో, క్యోటో, నారా, హిమేజి కోట, హిరోషిమా, మియాజిమా. ఎక్కువైందని తెలుసు, ఏది కొట్టేయాలో తేలడం లేదు. జేఆర్ (జపాన్ రైల్వే కంపెనీల) పాస్ కొనాలా? ఆ రోజుల్లో ఫుజి కనిపిస్తుందా? తిండి సంగతేంటి, ఇంటి నుంచి పచ్చళ్ళు తీసుకెళ్ళొచ్చా? విమానం టికెట్లు ఇంకా కొనలేదు.

పట్టాలబండి

టికెట్లు కొనకపోవడమే మంచిదైంది. టోక్యోలో దిగి, ఒసాకా పక్కనున్న కాన్సాయ్ విమానాశ్రయం నుంచి వెనక్కి వచ్చేలా చూడండి. హైదరాబాదు వాళ్ళకు ఎలాగూ మధ్యలో ఒకచోట విమానం మారడం తప్పదు. రానూపోనూ టోక్యోకే కొంటే చివర్లో మనిషికి దాదాపు 14,000 యెన్లు, సగం రోజు వెనక్కి రావడానికే పోతాయి.

ఇలా కొంటే పాస్ ప్రశ్న కూడా తేలిపోతుంది. ఏడు రోజుల జేఆర్ పాస్ ధర 2023 అక్టోబరులో 29,650 నుంచి 50,000 యెన్లకు పెరిగింది. ఒకవైపే వెళ్ళే మీ దారికి అంత ఖర్చు రానే రాదు. పాత బ్లాగుల్లో "పాస్ తప్పకుండా కొనండి" అని ఉంటుంది, అవన్నీ పెంపుకు ముందు రాసినవి. మీకు పనికొచ్చేది కాన్సాయ్-హిరోషిమా ఏరియా పాస్: ఐదు రోజులకు 17,000 యెన్లు. క్యోటో నుంచి హిరోషిమాకు మామూలు టికెట్టే ఒకవైపుకు 11 వేలు దాటుతుంది కాబట్టి రానూపోనూ ఆ ఒక్క ప్రయాణంతోనే గిట్టుబాటు. మియాజిమాకు జేఆర్ పడవ, నారాకు జేఆర్ రైలు, చివరిరోజు కాన్సాయ్ విమానాశ్రయానికి హరుకా రైలు కూడా అందులోనే.

దీంట్లో ఒక మెలిక ఉంది, చాలామంది అక్కడే జరిమానా కట్టినట్టు అదనం కడతారు. ఈ పాస్ షిన్‌కాన్‌సెన్ (బుల్లెట్ రైలు) మీద షిన్-ఒసాకా స్టేషన్ నుంచి హిరోషిమా వైపుకే చెల్లుతుంది. క్యోటో, షిన్-ఒసాకా మధ్య ఉన్న షిన్‌కాన్‌సెన్ ముక్క వేరే జేఆర్ కంపెనీది. క్యోటోలో నేరుగా షిన్‌కాన్‌సెన్ ఎక్కకుండా, మామూలు ప్లాట్‌ఫారం నుంచి షిన్‌కైసోకు అనే వేగం బండిలో షిన్-ఒసాకాకు రండి, దాదాపు 25 నిమిషాలు. అక్కడ మారండి.

ఇక కొట్టివేతలు. కమికోచి అక్కడికక్కడే పోయింది: లోయను నవంబరు 15న మూసేస్తారు, బస్సులు ఆగిపోతాయి, సొంత బండ్లకు ఎప్పుడూ అనుమతి లేదు. నిక్కోలో పైన చుజెన్‌జీ చెరువు దగ్గర ఆకులు అక్టోబరు చివరికే రాలిపోతాయి. కింద తోషోగూ గుడి అద్భుతమే గానీ అంతా రాతి మెట్లే. ఒకప్పుడు జపానును ఏలిన తొకుగవా ఇయెయాసు సమాధి దాకా ఎక్కేవి 207. టోక్యో నుంచి వెళ్ళడానికి రెండు గంటలు, రావడానికి రెండు గంటలు. మీ అమ్మగారికి వద్దు. షిరకవగో దారిలో లేదు, దానికోసం కనీసం ఒకటిన్నర రోజు పక్కకు తిరగాలి. ఆ గడ్డికప్పుల ఇళ్ళ మీద మంచు పడేది కూడా మీరు వచ్చేశాకే.

ఫుజి ఉంచండి. వేసవిలో రోజుల తరబడి మబ్బులోనే ఉండే కొండ, నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు గాలి పొడిబారి బాగా కనిపిస్తుంది. అయినా నమ్మకమైన వేళ తెల్లవారుజాము నుంచి తొమ్మిది లోపే, పొద్దెక్కితే మబ్బు కమ్ముకుంటుంది. అందుకే టోక్యో నుంచి పొద్దున వెళ్ళి సాయంత్రానికి తిరిగొచ్చే బస్సు టూరు డబ్బు దండగ: అది చేరేసరికే మంచి వేళ అయిపోతుంది. కవగుచికో చెరువు దగ్గర ఒక రాత్రి ఉండండి. సాయంత్రం ఒకసారి, తెల్లారి ఒకసారి, రెండు అవకాశాలు. నీళ్ళలో కొండ నీడ పడాలంటే గాలి లేని తెల్లవారుజామే కావాలి.

అందరూ ఫోటోలు పెట్టే ఎర్ర పగోడా (చురేయితో) దగ్గర 398 మెట్లు. బదులుగా ఉత్తరపు ఒడ్డున ఓయిషి పార్కుకు వెళ్ళండి. నేలంతా చదును, ఎదురుగా చెరువు, దాని వెనక కొండ. స్టేషన్ నుంచి తిరిగే రెడ్‌లైన్ బస్సుకు అదే చివరి స్టాపు. అదే ఒడ్డున మేపుల్ చెట్ల వరస కూడా ఉంది, నవంబరు మొదటి, రెండో వారాల్లో ఎరుపు బాగా పండుతుంది. మీరు వెళ్ళేసరికి చివరి దశలో ఉంటుంది.

టోక్యోలోని షింజుకు నుంచి కవగుచికోకు బస్సు ఒకటిముప్పావు గంట, ఫుజి ఎక్స్‌కర్షన్ రైలు రెండు గంటలు. రైల్లో సీట్లన్నీ రిజర్వేషనే, నవంబరులో తొందరగా నిండుతాయి. అక్కణ్ణుంచి మళ్ళీ టోక్యో రాకండి. కవగుచికో నుంచి మిషిమా స్టేషన్‌కు నేరుగా బస్సు ఉంది, మిషిమాలో షిన్‌కాన్‌సెన్ ఎక్కి క్యోటో. మిషిమాలో నొజోమి అనే వేగం బండి ఆగదు, హికారి అనేవి కూడా కొన్నే ఆగుతాయి, టైము ముందే చూసుకోండి.

పెద్ద పెట్టెలు ఈ దారిలో మోయకండి. టోక్యో హోటల్ కౌంటర్లో తక్యుబిన్ (పెట్టెలు చేరవేసే కొరియర్) స్లిప్పు నింపి క్యోటో హోటల్‌కు పంపేయండి. మామూలుగా మర్నాటికి చేరుతుంది, పెద్ద పెట్టెకు రెండు మూడు వేల యెన్లు. స్లిప్పు మీద హోటల్ బుకింగ్‌లో ఉన్న పేరు అక్షరం పొల్లుపోకుండా రాయాలి, చెక్-ఇన్ తేదీ కూడా వేయాలి. లేకపోతే పెట్టె ఎవరిదో తెలియక హోటల్ వాళ్ళు తిప్పిపంపే ప్రమాదం ఉంది. పంపకుండా వెంట తీసుకెళ్తే: పొడవు, వెడల్పు, ఎత్తు కలిపి 160 సెం.మీ. దాటిన పెట్టెకు షిన్‌కాన్‌సెన్‌లో వెనక చోటున్న సీటు ముందే రిజర్వు చేయాలి. చేయకపోతే 1,000 యెన్లు వసూలు చేస్తారు. మన 28 అంగుళాల పెట్టెలు ఆ అంకెకు అటూఇటూగా ఉంటాయి, చక్రాలతో కలిపి టేపు పెట్టి కొలవండి.

తూర్పుగాలి

దారి గురించి పై వారు చెప్పింది సరిగ్గా ఉంది. క్యోటో సంగతి నేను చెబుతాను.

అక్కడ ఆకులు ఎర్రబడేది నవంబరు 20 నుంచి డిసెంబరు మొదటి రోజుల దాకా. మీ తేదీలు సరిగ్గా అందులోనే పడ్డాయి, జనం కూడా అందులోనే పడతారు. 23వ తేదీ జాతీయ సెలవు. ఆ రోజు క్యోటో ప్రసిద్ధ గుళ్ళ వైపు చూడకండి, నారాకో హిరోషిమాకో పొండి. ఐదు కాకముందే చీకటి పడుతుంది కాబట్టి పొద్దున తొమ్మిదింటికి హోటల్ అల్పాహారం కానిచ్చి బయల్దేరితే మీకు దొరికేది క్యూ మాత్రమే.

గంటల లెక్కన చూసుకోండి. ఫుషిమి ఇనారి గుడి రాత్రింబవళ్ళు తెరిచే ఉంటుంది, టికెట్ లేదు. క్యోటో స్టేషన్లో జేఆర్ నారా లైను లోకల్ ఎక్కితే రెండో స్టేషన్ ఇనారి. రాపిడ్ ఎక్కితే అది ఆగకుండా వెళ్ళిపోతుంది. ఆరున్నరకల్లా అక్కడుండండి. మొదట్లో ఉండే ఎర్ర తోరణాల దారి ఏటవాలే గానీ మరీ నిటారు కాదు. ఓకుషా అనే చిన్న గుడి దాకా పావుగంట. అమ్మగారు అక్కడితో వెనుదిరగొచ్చు, ఆ తర్వాతే అసలు మెట్లు మొదలవుతాయి, 233 మీటర్ల కొండ కొస దాకా. కాళ్ళలో బలమున్నవాళ్ళు యొత్సుత్సుజి అనే కూడలి దాకా ఎక్కితే ఊరు కనిపిస్తుంది. తోరణాల వెనకవైపు స్తంభాల మీద దాతల పేరు, తేదీ నల్లక్షరాల్లో చెక్కి ఉంటాయి. ఎక్కేటప్పుడు మొత్తం ఎరుపే కనిపిస్తుంది, దిగేటప్పుడు రాతలన్నీ ఎదురవుతాయి. ఫోటో ఎటునుంచి కావాలో దాన్నిబట్టి నిలబడండి.

అక్కణ్ణుంచి క్యోటో వైపు ఒక్క స్టేషన్ వెనక్కి వస్తే తోఫుకుజి గుడి. నవంబరులో ఎనిమిదిన్నరకే తెరుస్తారు. లోయ నిండా మేపుల్ చెట్లు, మీదుగా చెక్క వంతెన. జనం ఎక్కువైన రోజుల్లో వంతెన మీద ఫోటోలు తీయనివ్వరు. ఎనిమిదింపావుకి గేటు దగ్గరుంటే ఈ రెండూ పది లోపు పూర్తి. మధ్యాహ్నం హోటల్‌కు వచ్చి కాళ్ళు చాపుకోండి.

కియోమిజుదేరా గుడి ఆరింటికే తెరుస్తారు, 500 యెన్లు. లోయ మీదికి 13 మీటర్ల ఎత్తున నిలబడ్డ చెక్క వేదిక ఒక్క మేకు లేకుండా కట్టింది. ఇప్పుడున్న ప్రధాన మందిరం 1633 నాటిది. దీనికి బస్సు వద్దు. ఆ రోడ్డు నవంబరులో పది దాటితే కదలదు. పొద్దున్నే టాక్సీలో గోజోజాకా అనే వాలు దాకా పొండి. నలుగురికి బస్సు 230 చొప్పున 920 యెన్లు, టాక్సీ అంతకు రెట్టింపు ప్రాంతంలో ఉంటుంది, మోకాళ్ళకు ఆ తేడా పెట్టొచ్చు. అన్నట్టు టాక్సీ వెనక తలుపు డ్రైవరే తెరుస్తాడు, మూస్తాడు. మీరు లాగితే ఆయనకు నచ్చదు. తిరిగి వచ్చేటప్పుడు సన్నెన్‌జాకా అందంగా ఉందని అటు దిగకండి, అది రాతి మెట్ల దారి. మోకాళ్ళకు ఎక్కడం కంటే దిగడమే ఎక్కువ బాధ. గోజోజాకా వాలు మీదే వెనక్కి రండి.

అరషియామా వెదురుతోపు ఏడున్నర లోపు చూస్తే తోపు, తొమ్మిదికి చూస్తే జనం తలలు. పక్కనే తెన్ర్యూజి గుడి, ఎనిమిదిన్నరకు తెరుస్తారు, 500 యెన్లు. చెరువు చుట్టూ 14వ శతాబ్దపు తోట. కింకాకుజి బంగారు మందిరం అందరూ చూస్తారు, మీరూ చూడండి. 1950లో తగలబడి 1955లో మళ్ళీ కట్టింది, ముప్పావుగంటలో అయిపోతుంది.

గియోన్ అనే పాత పేటలో ప్రైవేటు సందుల ముందు నోటీసు బోర్డులుంటాయి. లోపలికి వెళ్తే 10,000 యెన్లు జరిమానా. పెద్ద వీధికి ఈ నిషేధం లేదు.

నారాకు క్యోటో నుంచి కింతెత్సు (జేఆర్ కాని వేరే కంపెనీ) రైలెక్కండి. కింతెత్సు నారా స్టేషన్ పార్కుకు దగ్గర, జేఆర్ నారా అయితే ఇంకో కిలోమీటరు నడక. పాస్ ఉన్నా ఆ రోజుకు విడిగా కొనడమే నయం. తోదైజి గుడి నవంబరు నుంచి ఎనిమిదికి తెరుస్తారు, 800 యెన్లు. లోపలి కంచు బుద్ధుడు దాదాపు 15 మీటర్లు. 752లో ఈ విగ్రహానికి నేత్రోన్మీలనం చేసింది మన దేశం నుంచి వెళ్ళిన బోధిసేనుడనే భిక్షువు, ఈ సంగతి నాన్నగారికి చెప్పండి. ఆ తర్వాత రెండుసార్లు మందిరం కాలింది. ఇప్పటిది 1709 నాటిది, మొదటిదాని వెడల్పులో మూడింట రెండు వంతులే.

జింకల విషయంలో జాగ్రత్త. బిస్కెట్లు 200 యెన్లు. కొన్నాక దాచిపెట్టి ఊరిస్తే కుమ్ముతాయి, కొరుకుతాయి. గబగబా పెట్టేసి రెండు చేతులూ తెరిచి చూపిస్తే వెళ్ళిపోతాయి. సెప్టెంబరు నుంచి నవంబరు దాకా మగవాటికి ఎదకాలం, దురుసుగా ఉంటాయి, పెద్దవాళ్ళను వాటికి దూరంగా ఉంచండి. చేతిలో మ్యాపు, కాగితం ఉన్నా లాక్కుని తినేస్తాయి.

మంజీర

చాలా థాంక్స్ అండీ ఇద్దరికీ. కమికోచి మూసేస్తారని తెలియదు. నిక్కో, షిరకవగో తీసేశాను. హిమేజి, హిరోషిమా, మియాజిమా మూడూ ఒకే రోజులో క్యోటో నుంచి వెళ్ళి రావచ్చా? మియాజిమాలో తోరణం దాకా నడిచి వెళ్ళినట్టు ఫోటోలు చూశాను, నీళ్ళలో తేలినట్టూ చూశాను. ఏది నిజం?

ఉప్పుటేరు

రెండూ నిజమే, ఆటుపోట్లను బట్టి. మూడూ ఒక్క రోజులో అంటే రైళ్ళు చూసి వచ్చినట్టే అవుతుంది.

మియాజిమాలోని ఇత్సుకుషిమా గుడి తోరణం ఎత్తు 16.6 మీటర్లు. దాని కాళ్ళు భూమిలో పాతినవి కావు, సొంత బరువుతోనే నిలబడి ఉన్నాయి. నీటిమట్టం 250 సెం.మీ. దాటితే గుడీ, తోరణమూ నీళ్ళ మీద తేలినట్టు ఉంటాయి. 100 లోపుకు దిగితే తోరణం కాళ్ళ దాకా నడవచ్చు. మధ్యలో ఉన్నప్పుడు వెళ్తే బురద, అక్కడక్కడ నీళ్ళ మడుగులు. పోటుకూ ఆటుకూ మధ్య ఆరు గంటల పైచిలుకు. అమావాస్య, పౌర్ణముల దగ్గర తేడా మూడు మీటర్ల పైనే ఉంటుంది. అష్టమి ప్రాంతంలో వెళ్తే అటు నిండుగానూ ఉండదు, ఇటు ఖాళీగానూ ఉండదు. కాబట్టి హోటల్ బుక్ చేసేముందు పంచాంగం తెరిచి తిథి చూడండి, తర్వాత మియాజిమా పర్యాటక శాఖ పెట్టే నీటిమట్టం పట్టికలో గంటలు చూడండి.

నవంబరుకు ఇంకోటి గుర్తుంచుకోవాలి. వసంతం, వేసవిలో పగటి ఆటు బాగా దిగుతుంది. చలికాలం వైపు వచ్చేకొద్దీ లోతుగా దిగేది రాత్రి ఆటే. పగలు తోరణం దాకా నడుస్తామన్న ఆశ పెట్టుకోకండి, నిండుగా ఉన్న వేళ దొరికేలా చూసుకోండి.

పట్టాలబండి గారు ఒక్కరోజు ప్రయాణంగా లెక్కేసినట్టున్నారు. అక్కడ నేను ఒప్పుకోను. పాస్ ఐదు రోజులు చెల్లుతుంది కదా, హిరోషిమాలో ఒక రాత్రి ఉండండి. మొదటిరోజు మధ్యాహ్నం హిరోషిమా శాంతి పార్కు, గెన్‌బాకు గుమ్మటం (అణుబాంబు దాడికి మిగిలిన కట్టడం). మర్నాడు నీటిమట్టాన్ని బట్టి మియాజిమా. మియాజిమాగుచి నుంచి పడవ పది నిమిషాలే. జేఆర్ పడవకు పాస్ చెల్లినా, దీవి సందర్శకుల పన్ను 100 యెన్లు విడిగా కట్టాలి. తొమ్మిదింటి తర్వాత నుంచి నాలుగింటి దాకా మియాజిమాకు వెళ్ళే జేఆర్ పడవలు తోరణానికి దగ్గరగా పోతాయి, కుడివైపు నిలబడండి.

హిమేజి కోట లోపలికి అమ్మగారిని తీసుకెళ్ళొద్దు. 1609లో ముగిసిన కోట, శత్రువు ఎక్కలేకుండా కట్టిన నిటారు చెక్కమెట్లు, పైగా చెప్పులు విప్పి సంచిలో పట్టుకుని ఎక్కాలి. మేజోళ్ళతో నున్నటి చెక్క మీద దిగడం కుర్రాళ్ళకే కష్టం. 2026 మార్చి నుంచి బయటి ఊళ్ళవాళ్ళకు టికెట్ 2,500 యెన్లు. బయటి మైదానం నుంచి చూడ్డానికి టికెట్ లేదు. హిరోషిమా నుంచి తిరిగొచ్చేటప్పుడు హిమేజిలో దిగి, పెట్టె లాకర్లో పెట్టి, ఒక గంట చూసి మళ్ళీ రైలెక్కండి. స్టేషన్ ముందు తిన్నటి రోడ్డు చివర కోటే కనిపిస్తుంది, కిలోమీటరు దూరం.

పట్టాలబండి

హిరోషిమాలో రాత్రి బస మంచిదే, నాకూ అభ్యంతరం లేదు. అలాగైతే పాస్ మొదలుపెట్టే తేదీ 21గా పెట్టుకోండి, 25న హరుకా కూడా అందులో కలుస్తుంది. ముందే మొదలుపెడితే చివరిరోజు చేతి నుంచి కట్టాలి.

పప్పన్నం

తిండి గురించి ఎవరూ రాయలేదు. మీ నాన్నగారికి అసలు చిక్కు కూరముక్కల్లో కాదు, రసంలో. దాషి అనే మూలరసం ఎండబెట్టిన బొనిటో చేప తురుముతో కాస్తారు. ఊదోన్, సోబా నూడుల్స్, మిసో సూప్, ఆఖరికి ఉడికించిన ముల్లంగిలో కూడా ఉంటుంది. "మాంసం లేదా?" అని అడిగితే "లేదు" అని నిజాయితీగానే చెబుతారు, చేప వాళ్ళ లెక్కలో మాంసం కాదు. చేప, చేప దాషి, మాంసం, వీటి రసం ఏదీ వద్దని జపనీస్‌లో రాసిన కార్డు ఫోన్లో ఉంచి చూపించండి.

గుళ్ళలో భిక్షువుల వంట షోజిన్ ర్యోరి అంటారు, చేపా మాంసమూ ఉండవు. తెన్ర్యూజి ఆవరణలోనే షిగెత్సు అనే భోజనశాల ఉంది, మధ్యాహ్నం మాత్రమే. ముందే బుక్ చేయండి, తోట టికెట్ విడిగా కొనాలి. క్యోటోలో యుదోఫు (వేడినీళ్ళ టోఫు) అడిగితే కుండలో వేసేది సముద్రపు నాచే గానీ పక్కన ఇచ్చే సాస్‌లో దాషి ఉండొచ్చు. వట్టి సోయా సాస్ అడగండి. కన్వీనియన్స్ స్టోర్లలో ఉప్పన్నం ముద్ద, ఉమెబోషి (ఉప్పులో ఊరేసిన పండు) ముద్ద ఫర్వాలేదు, అయినా పదార్థాల పట్టీని ఫోన్ కెమెరాతో అనువదించి చూడండి. వండిన అన్నం డబ్బాలు కూడా అక్కడే దొరుకుతాయి, మైక్రోవేవ్‌లో రెండు నిమిషాలు. కందిపొడి, నెయ్యి కలిపితే ఒక పూట గడిచిపోతుంది.

తీసుకెళ్ళేవాటిలో: ఆవకాయ, కందిపొడి, కారప్పొడి, పులిహోర పేస్టు లాంటివి బాగా సీలు వేసి పెద్ద పెట్టెలో పెట్టుకోండి. నాటుకోడి పచ్చడి, గోంగూర మటన్ లాంటివి ఒక్క చెంచా కూడా వద్దు. ధ్రువపత్రం లేని మాంసం ఉత్పత్తులు జపాన్‌లోకి నిషేధం, ఫ్యాక్టరీ ప్యాకింగైనా సరే. మూడేళ్ళ దాకా జైలు, లేదా 30 లక్షల యెన్ల దాకా జరిమానా. పచ్చి కరివేపాకు, పళ్ళు, కూరగాయలకూ ధ్రువపత్రం అడుగుతారు, కాబట్టి మానేయండి.

ఇంకోటి: ఇక్కడి చిన్న రైస్ కుక్కర్, కెటిల్ మోసుకెళ్ళకండి. అక్కడ కరెంటు 100 వోల్టులు. మన 230 వోల్టుల కాయిల్‌కు అక్కడ ఐదో వంతు వేడి కూడా రాదు, బియ్యం నానతాయి తప్ప ఉడకవు. ఫోన్ ఛార్జర్లకు ఇబ్బంది లేదు, రెండు చదును పుల్లల ప్లగ్గు అడాప్టర్ చాలు.

మంజీర

కుక్కర్ నిజంగానే జాబితాలో ఉంది, తీసేశాను. చివరి ప్రశ్న: సుయికా కార్డు (డబ్బు వేసుకుని రైళ్ళకూ బస్సులకూ వాడేది) ఫోన్లో పెట్టుకోవచ్చా, ప్లాస్టిక్‌దే కొనాలా? వీసా ఈ-వీసాగా వస్తుందన్నారు, ప్రింటు చాలా?

తూర్పుగాలి

ప్రింటు చాలదు. స్క్రీన్‌షాటు, పీడీఎఫ్ కూడా ఒప్పుకోరు. విమానాశ్రయంలో ఇంటర్నెట్ మీద లాగిన్ అయి, ఆ వీసా పేజీనే తెరిచి చూపించాలి. హైదరాబాదులో చెక్-ఇన్ కౌంటర్ దగ్గరే మొదట అడుగుతారు, జపాన్‌లో దిగాక మళ్ళీ అడుగుతారు. అక్కడ ఫోన్లో నెట్ ఉండేలా రోమింగో ఈ-సిమ్మో ముందే పెట్టుకోండి, నలుగురి లాగిన్ వివరాలూ రాసుకోండి.

ఐఫోన్ అయితే సుయికా ఫోన్లోనే పెట్టుకోవచ్చు. ఇక్కడి బ్యాంకు కార్డుతో డబ్బు ఎక్కకపోతే కన్వీనియన్స్ స్టోర్ కౌంటర్లో నోటిచ్చి ఎక్కించుకోండి. ఇక్కడ కొన్న ఆండ్రాయిడ్ ఫోన్లలో అక్కడి చిప్ వ్యవస్థ ఉండదు, ప్లాస్టిక్ కార్డు తీసుకోండి. పర్యాటకుల వెల్‌కమ్ సుయికా 28 రోజులు చెల్లుతుంది. నలుగురికీ నాలుగు కార్డులు కావాలి, ఒక్కదాన్నే అందరూ వరసగా గేటుకు తాకించి దాటలేరు. టోక్యో ప్రాంతంలో గేటుకు తాకించి ఎక్కి, క్యోటో ప్రాంతంలో అదే కార్డుతో దిగడం కుదరదు. దూరప్రయాణానికి టికెట్ వేరు. క్యోటోలో దిగాక మళ్ళీ అదే కార్డు బస్సులకూ లోకల్ రైళ్ళకూ పనిచేస్తుంది. సిటీ బస్సు వెనక తలుపు నుంచి ఎక్కి, ముందు నుంచి దిగేటప్పుడు తాకించాలి.